లింకు లేని అవ్వ

మా బడి కుళాయిలో నీళ్ళు ఆగిపోయిన రోజూ, మా బడికి శోధన జ్యోతి పథకం వచ్చిన రోజూ ఒకటే. ఈ రెంటికీ సంబంధం ఉందని అప్పట్లో మాలో ఎవరికీ తోచలేదు. ఒక్క మనిషికి తోచింది గానీ, ఆమె వంటమనిషి కావడం వల్ల ఆ మాట రికార్డుల్లోకి ఎక్కలేదు.

మాది సూదిరాళ్లపల్లె హైస్కూలు. అక్కడ నేను సైన్సు చెబుతాను. చెప్పేవాణ్ణి అనడం సబబు. ఎందుకంటే శోధన జ్యోతి సర్క్యులరు మొదటి పేజీలోనే ఉపాధ్యాయులనేవాళ్ళు ఇకమీదట ఉండరనీ, వాళ్ళందరూ 'అన్వేషణా సహచరులు' అయిపోయారనీ రాసి ఉంది. పిల్లలు ఇంటర్నెట్టులో తామే వెతికి, తామే తేల్చుకుంటారట. సహచరుడు పక్కన నిలబడి దారి చూపాలట.

నిజానికి ఆలోచన మంచిదే. పిల్లలు తమంతట తాము వెతికి పట్టుకున్నది జన్మలో మరిచిపోరు. ట్రైనింగులో ఆ మాట విన్నప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. ఏడో పేజీకి వచ్చేసరికి చేతులు ఆగాయి.

ఏడో పేజీలో ఇలా ఉంది: "సహచరుడు ఎట్టి పరిస్థితులలోను జవాబును మౌఖికముగా గాని, లిఖితపూర్వకముగా గాని, సైగల ద్వారా గాని వెల్లడింపరాదు. విద్యార్థి ప్రశ్న అడిగినచో, తగిన మరియొక ప్రశ్నతో స్పందింపవలెను. లింకు లేని జవాబు పుకారుగా పరిగణింపబడును."

ఆ పైన పోటీ కూడా పెట్టారు. ఏడాది తిరిగేలోగా ఏ బడిలో ఒక్క జవాబు కూడా ఉపాధ్యాయుడి నోట వెలువడదో, ఆ బడికి 'సంపూర్ణ జవాబు రహిత పాఠశాల' అని పత్రం ఇస్తారు.

మా హెడ్మాస్టరు ఓబులపతి గారు ఆ నెలలోనే బదిలీ మీద వచ్చారు. మనిషి మంచివాడు, కానీ రిటైరయ్యేలోగా ఒక్కసారైనా జిల్లాలో మొదటి వరసలో నిలబడాలని ఆయన కోరిక. నేను ట్రైనింగులో ఎలా చెప్పకూడదో నేర్చుకుంటున్న ఆ మూడు రోజుల్లో, ఆయన గేటు పక్కన, నీళ్ళ ట్యాంకు ఎదురుగా సిమెంటు దిమ్మె కట్టించి, దాని మీద ప్రారంభోత్సవ శిలాఫలకం నిలబెట్టించారు. జిల్లా అన్వేషణా సమన్వయకర్త దివాకరం గారు వచ్చి ముసుగు తొలగించారు. నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు, అన్నిటికంటే పెద్దగా దివాకరం గారి పేరు. చూడ్డానికి బాగానే ఉంది.

ఆ రోజు నుంచే ట్యాంకు నిండా నీళ్ళే, కుళాయిలో మాత్రం చుక్క లేదు.

ఓబులపతి గారు పద్ధతి ప్రకారం జిల్లా ఆఫీసుకు మెయిలు పెట్టారు. మా బడి చరిత్రలో మొదటిసారి గంటలో జవాబు వచ్చింది.

"మీ పాఠశాలలో సహజసిద్ధముగా ఏర్పడిన ఈ సమస్య శోధన జ్యోతికి లభించిన వరము. కావున దీనిని ఎనిమిదవ తరగతికి ప్రాజెక్టుగా అప్పగింపవలెను. ప్రాజెక్టు ముగియు వరకు సమస్యను యథాతథముగా సంరక్షింపవలెను. మరమ్మతు చేసినచో సాక్ష్యములను తారుమారు చేసినట్లు భావింపబడును."

ఓబులపతి గారు ఆ సాయంత్రమే కుళాయిల చుట్టూ తాడు కట్టించారు. 'సమస్య సంరక్షణలో ఉన్నది. ముట్టరాదు' అని అట్ట ముక్క మీద రాయించి వేలాడదీశారు. ఆ దెబ్బతో ప్లంబరును పిలిచే ఆశ కూడా పోయింది.

ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాదు. మా బడిలో నూట అరవై మందికి మధ్యాహ్నం అన్నం వండేది సుంకులమ్మ. అరవై దాటిన మనిషి, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కుళాయి ఆగిన రోజు నుంచి ఆమె ఊరి చివర బోరింగు దగ్గర కొట్టుకుని, రోజుకు ముప్ఫై బిందెలు మోసేది. ఆడపిల్లల మరుగుదొడ్లలో కూడా నీళ్ళు లేవు గనక పెద్ద తరగతుల ఆడపిల్లలు అన్నం బెల్లుకు ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. సగం మంది మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ ఖాళీ బెంచీలు చూస్తూ నేను సహచరుడిగా నిలబడి ఉండేవాణ్ణి.

సుంకులమ్మ మనవరాలు అంజినమ్మ ఎనిమిదో తరగతిలోనే ఉంది. పొద్దున నాలుగు బిందెలు తనూ మోసి, తడిసిన భుజంతో క్లాసుకు వచ్చేది. మొదటి రోజే లేచి నిలబడింది.

"సార్, ట్యాంకులో నీళ్ళుండాయి. కుళాయిలో రాల్యా. ఎందుకు సార్?"

నేను సర్క్యులరు గుర్తు చేసుకున్నాను. "ఎందుకై ఉంటుందని నువ్వు అనుకుంటున్నావు అంజీ?"

"నాకు తెలీకనే కదా సార్ మిమ్మల్ని అడిగింది."

"తెలియదని నీకు ఎలా తెలిసింది?"

ఆ పిల్ల నా వంక జాలిగా చూసి కూర్చుంది. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది.

ఈ జబ్బు ఇళ్ళకు కూడా పాకింది. "రేపటికి కూర ఏం తేవాలి?" అని మా ఆవిడ అడిగితే, "నీ పరిశీలనలో ఏం తేలింది?" అన్నాను. రెండు రోజులు పచ్చడి మెతుకులతో సరిపెట్టింది. ఓబులపతి గారి పరిస్థితి ఇంకా ముదిరింది. కొడుకు టీసీ కోసం వచ్చిన ఒక తండ్రి "సార్, టీసీ ఎప్పుడిస్తారు?" అని అడిగితే, "ఎప్పుడిస్తే బాగుంటుందని మీ అంచనా?" అన్నారు. ఆ తండ్రి "ఇప్పుడే" అన్నాడు. "దానికి ఆధారం?" అన్నారు ఈయన. ఆ పిల్లవాడు ఇప్పటికీ మా బడిలోనే చదువుతున్నాడు.

ప్రాజెక్టు మాత్రం జోరుగా సాగింది. మా కంప్యూటరు గదిలో ఆరు కంప్యూటర్లున్నాయి, అందులో రెండు నడుస్తాయి. నలభై ఇద్దరు పిల్లలు వాటి చుట్టూ మూగి 'కుళాయిలో నీళ్ళు ఎందుకు రావు' అని వెతికారు. మొదటి వారం మంచుకొండలు కరుగుతున్నాయని తెలిసింది. రెండో వారం ఎక్కడో ఎడారిలో పొగమంచును వలల్లో పట్టి నీళ్ళు చేసుకునే ఊరి సంగతి దొరికింది. మూడో వారం, కలలో ఎండిన కుళాయి కనిపిస్తే ఏం ఫలమో ఒక స్వామివారు చెప్పిన వీడియో దొరికింది. అన్నిటికీ లింకులున్నాయి. జవాబులు ఎక్కించాల్సిన శోధన జ్యోతి పోర్టలు అన్నిటినీ పచ్చరంగులో ఆమోదించింది. దివాకరం గారు మూడు వారాలూ ఐదేసి స్టార్లు ఇచ్చి, "అంతర్జాతీయ దృక్పథము ప్రశంసనీయము" అని రాశారు.

గేటు దాకా వెళ్ళి పైపు ఎటు పోతోందో చూద్దామని నాకే ఒకసారి అనిపించింది. పోర్టల్లో వెతికాను. 'వెళ్ళి చూచుట' అనే గడి ఎక్కడా లేదు.

నాలుగో వారం అంజి నా బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, జవాబు దొరికింది."

నేను ఉలిక్కిపడి తలుపు వైపు చూశాను. "ఏ సైటులో?"

"సైటు కాదు సార్, మా అవ్వ. రాత్రి మోకాళ్ళకు నూనె రుద్దుతా అడిగినా. ట్యాంకు నుంచి బడికొచ్చే పైపుకు గేటు కాడ వాల్వు ఉండాదంట. దిమ్మె కట్టేప్పుడు సిమెంటు తడవకుండా మేస్త్రీ ఆ వాల్వు కట్టేసి, దాని మీద కంకర పోసి, దిమ్మె కట్టేసినాడంట. మా అవ్వ వంటింట్లో నుంచి సూస్తానే ఉండిందంట."

"మరి అప్పుడే చెప్పలేదా?"

"చెప్పిందంట సార్. హెడ్మాస్టరు సారు, 'ఇది శోధన జ్యోతి సుంకులమ్మా, నీకు తెలీదు, పోయి అన్నం చూసుకో' అన్న్యాడంట."

వెంటనే కంప్యూటరు ముందు కూర్చుని జవాబు గడిలో అవ్వ చెప్పింది చెప్పినట్టు రాశాను. 'ఆధారం' గడిలో 'సుంకులమ్మ, వంటశాల' అని కొట్టాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి: "చెల్లుబాటు కాని లింకు."

ఓబులపతి గారికి చూపించాను. ఆ రోజు సుంకులమ్మను తను కసిరిన సంగతి ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. వెంటనే జిల్లా సహాయవాణికి ఫోను కలిపి, స్పీకరు పెట్టారు.

"మా ప్రాజెక్టుకు జవాబు దొరికిందండీ. ఆధారం ఒక అవ్వ."

"వెబ్‌సైటు పేరు చెప్పండి" అంది అవతలి గొంతు.

"వెబ్‌సైటు కాదండీ, మనిషి."

"అవ్వగారికి సొంత పేజీ ఏదైనా ఉందా?"

"లేదండీ."

"కనీసం పీడీఎఫ్ రూపంలో లభ్యమవుతారా?"

ఓబులపతి గారు నా వంక చూశారు. నేను వంటశాల వైపు చూశాను. సుంకులమ్మ బిందె దించి, నడుం మీద చెయ్యి వేసుకుని, నిదానంగా వంగుతోంది. "లభ్యం కారండీ" అన్నారు ఓబులపతి గారు.

"అట్లయితే అది పుకారు కిందికి వస్తుంది సార్. పుకార్లు మీ జవాబు రహిత హోదాకు ప్రమాదం. జాగ్రత్త" అని ఫోను పెట్టేశారు.

తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్న అంజి ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నేరుగా నన్నే అడిగింది. "సార్, మనం మూడో వారం పెట్టిన కలల సామి లింకు పచ్చగా వచ్చింది కదా. ఆయప్పకు లింకు ఎట్లొచ్చింది?"

"ఆయన వీడియో పెట్టాడు గనక వచ్చింది" అన్నాను. నోరు జారి జవాబు చెప్పేశానని అప్పుడు తెలిసింది. ఓబులపతి గారు విననట్టు కిటికీలోంచి బయటికి చూశారు.

"అయితే మా అవ్వ కూడా పెడ్తాది" అంది అంజి.

ఆ మధ్యాహ్నమే చిత్రీకరణ జరిగింది. ఫోను నాది, కెమెరా పట్టింది మాబున్నీ అనే పిల్ల, ప్రశ్నలు అంజివి. వెనక పొయ్యి మీద సాంబారు ఉడుకుతోంది. సుంకులమ్మ గరిటె చేతిలో పట్టుకునే మాట్లాడింది.

"నా పేరు సుంకులమ్మ. ఈ బడిలో పద్దెనిమిదేండ్ల నుంచి వండుతాండా. ఆ ట్యాంకు కట్టినప్పుడు పైపు కాలువ తవ్వింది మా ఆయన తిక్కన్న. వాల్వు యాడ పెట్టినారో నాకు సద్ది తీసుకపోయి ఇచ్చినప్పుడు సూపిచ్చినాడు. ఆయప్ప పోయినాడు గానీ వాల్వు యాడికీ పోల్యా. ఆ రాయి కిందనే ఉండాది. తిప్పితే నీళ్ళొస్తాయి. అంతే." ఒక్క క్షణం ఆగి, "మే, సాంబారు మాడుతాంది, ఇంగ సాలు" అంది.

వీడియో ఎక్కించాం. లింకు అతికించాం. పచ్చగా వచ్చింది. పిల్లలు అరిచిన అరుపుకు పక్క గదిలో తెలుగు సహచరుడు పాఠం ఆపి, అంటే ప్రశ్న ఆపి, పరుగెత్తుకు వచ్చాడు.

ఆ తరువాత పోర్టలు 'ఆధార విశ్వసనీయతా పరీక్ష' పెట్టింది. రచయిత పేరు ఉందా? ఉంది. ఆ రంగంలో అనుభవం? పద్దెనిమిదేళ్ళు. సమాచారం ప్రత్యక్షంగా సేకరించినదేనా? అవును. సమస్యతో రచయితకు వ్యక్తిగత సంబంధం ఉందా? రోజుకు ముప్ఫై బిందెలు. పదికి తొమ్మిదిన్నర మార్కులు వచ్చాయి. కలల స్వామికి ఆరే వచ్చాయి.

తొమ్మిది దాటిన ఆధారం జిల్లాలో అదే మొదటిది కావడంతో వారం తిరక్కుండా దివాకరం గారు స్వయంగా దిగారు. వరండాలో పెద్ద తెర కట్టాం. ఆయన కుర్చీలో కూర్చోనన్నారు. తాను ప్రారంభించిన చోటే నిలబడి తిలకిస్తానని, శిలాఫలకం పక్కన దిమ్మె ఎక్కి నిలబడ్డారు. పిల్లలందరూ ఎండలో వరసలుగా కూర్చున్నారు.

తెర మీద సుంకులమ్మ వచ్చింది. దివాకరం గారు తల పంకిస్తూ విన్నారు. "అద్భుతము! ఎంతటి సూటిదనము! ఇటువంటి క్షేత్రస్థాయి మేధావులు మనకు కావాలి. ఈ నిపుణురాలిని ఆన్‌లైన్‌లో సంప్రదించి..."

ఆ సమయానికి సుంకులమ్మ ఆయనకు మజ్జిగ గ్లాసు తెచ్చి, ఎదురుగా నిలబడింది.

"అమ్మా, కాస్త పక్కకు జరుగు. ఆమె కనబడటం లేదు" అన్నారు దివాకరం గారు.

సుంకులమ్మ పక్కకు జరిగింది. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నారు. వీడియో అయిపోయింది. దివాకరం గారు మజ్జిగ తాగి, గ్లాసు తిరిగి ఇచ్చి, ఉపన్యాసం మొదలుపెట్టారు. చివర్లో శోధన జ్యోతి పద్ధతిలో ఒక ప్రశ్న వేశారు.

"సమస్య తెలిసినది. కారణము తెలిసినది. ఇప్పుడు నీళ్ళు రావాలంటే మొట్టమొదట ఏమి చేయవలెను? ఎవరు చెబుతారు?"

ఎవరూ చెప్పలేదు. సహచరులు చెప్పకూడదు. పిల్లలు చెప్పాలంటే లింకు కావాలి. ఓబులపతి గారు దిమ్మె వంక చూసి తల దించుకున్నారు. ఎండ చురుక్కుమంటోంది. మొత్తం ఆవరణలో సర్క్యులరు ఏ పేరూ పెట్టని మనిషి ఒక్కతే ఉంది. ఆమె సహచరి కాదు, విద్యార్థి కాదు. ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని ఆమే చెప్పింది.

"ముందు మీరు దాని మీద నుంచి దిగండి సార్."

దివాకరం గారు కాళ్ళ కిందికి చూసుకున్నారు. తెర వంక చూశారు. తెర మీద గరిటె పట్టుకుని ఆగిపోయిన బొమ్మనీ, ఎదురుగా గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషినీ మార్చి మార్చి చూశారు. ఆ ముఖం మీద అన్వేషణ ఎలా పూర్తయిందో మేమందరం కళ్ళారా చూశాం. ఆయన మెల్లగా దిగారు.

"కానీ రాయికి ఏమీ కాకూడదు" అన్నారు, తన పేరు వంక చూస్తూ.

అప్పుడు మా ఓబులపతి గారు, ఆ నెలంతా కుళాయిల చుట్టూ తాడు కాపలా కాసిన మనిషి, గొంతు సవరించుకున్నారు. "సార్, రాయి ముఖ్యమా, నీళ్ళు ముఖ్యమా అని నేను పిల్లల్ని అడగవచ్చునా?"

అది ప్రశ్న. నిబంధనలకు లోబడే ఉంది. దివాకరం గారు నూట అరవై మంది పిల్లల వంక చూసి, అడగనక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపారు.

గునపం సుంకులమ్మే తెచ్చింది. కొట్టింది నేనూ, ఓబులపతి గారూ, ఇద్దరు పదో తరగతి పిల్లలూ. దిమ్మె ఒక మూల పగలగానే కంకర, కంకర కింద తుప్పు పట్టిన మూత, మూత కింద వాల్వు. సుంకులమ్మ చెప్పిన చోటికి జానెడు కూడా తేడా లేదు. ఆమె వంగి దాన్ని ఒక్కసారి తడిమింది. అంజి తిప్పింది. కుళాయిల్లో ముందు గాలి బుసకొట్టింది, తరువాత ఎర్రనీళ్ళు, ఆ వెనకే తెల్లటి నీళ్ళు, 'ముట్టరాదు' అన్న అట్ట ముక్కను తోసుకుపోతూ వచ్చాయి. పిల్లలు వరసలు మరిచి కుళాయిల మీద పడ్డారు. దివాకరం గారి బూట్లు తడిశాయి గానీ, ఆయన కూడా నవ్వారు. అది రాయకపోతే అన్యాయం.

శిలాఫలకం మాత్రం కొంచెం పక్కకు ఒరిగింది. ఇప్పటికీ అలాగే ఉంది.

సాయంత్రం ప్రాజెక్టు ముగిద్దామని పోర్టలు తెరిచాను. 'ప్రస్తుత స్థితి' గడిలో రెండే అవకాశాలున్నాయి: 'అన్వేషణ కొనసాగుచున్నది', 'అన్వేషణ మరింత లోతుగా కొనసాగుచున్నది'. జవాబు దొరుకుతుందని ఎవరూ ఊహించినట్టు లేదు. రెండోది నొక్కాను. కాబట్టి రికార్డుల ప్రకారం మా బడిలో ఇవాళ్టికీ నీళ్ళు రావు.

పది రోజులకు కొత్త సర్క్యులరు వచ్చింది. "ప్రతి పాఠశాలయు తనదైన ఒక అవ్వను గుర్తించి, వారము దినములలో పోర్టలు నందు నమోదు చేయవలెను. అవ్వ లేని పాఠశాలలు తగిన కారణములు తెలుపవలెను. నమోదైన అవ్వలు వారమునకొక వీడియో చొప్పున జ్ఞానమును వెలువరింపవలెను."

మా అవ్వ జిల్లాకే మొదటి అవ్వ గనక మా మీద ఒత్తిడి ఎక్కువ. శనివారం అంజిని వెంటబెట్టుకుని, ఫోను పట్టుకుని వంటశాలకు వెళ్ళాను. సుంకులమ్మ కుళాయి కింద బియ్యం కడుగుతోంది. గోడవారగా రెండు బిందెలు బోర్లించి ఉన్నాయి. వాటి మీద మాబున్నీ తడి గుడ్డలు ఆరేసింది.

"సుంకులమ్మా, ఈ వారం ఏదైనా చెప్పాలట. ఏం చెబుతావు?" అన్నాను.

"నీళ్ళొచ్చినాయి కదా సార్, ఇంగ చెప్పేదేముంది?" అంది ఆమె, తలెత్తకుండానే. "అడగాల్సిన రోజు ఒక్కరూ అడగల్యా. ఇప్పుడు వారానికొకతూరి అడుగుతారంట."

"నేను అడిగినా కదవ్వా" అంది అంజి.

సుంకులమ్మ తడి చేత్తోనే మనవరాలి తల నిమిరింది. "నువ్వడిగినావులే మే. అందుకే వచ్చినాయి."

ఫోను నా చేతిలోనే ఉంది గానీ, నొక్కడం మరిచిపోయాను. కాబట్టి ఈ చివరి మాటకు నా దగ్గర లింకు లేదు. నమ్మితే నమ్మండి.